78 మార్క్ 3 అంబాసిడర్ తీసుకున్నాను, లోపల కూర్చుంటే మాట వినపడటం లేదు

తుంగభద్ర_ఒడ్డు | కర్నూలు | ఏప్రిల్ 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. పోయిన నెల ఆదోనిలో ఒక పెద్దాయన దగ్గర 1978 మార్క్ 3 అంబాసిడర్ తీసుకున్నాను. తెల్ల బండి. 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, ఎస్‌యూ కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం), స్టీరింగ్ పక్కన గేరు, అన్నీ దానివే. ఎవరూ డీజిల్ ఇంజిన్ ఎక్కించలేదు. రేటు మాత్రం అడగొద్దు, మా ఇంట్లో వాళ్లు కూడా ఇది చదువుతారు.

తెచ్చిన ఆదివారమే అమ్మను వెనక కూర్చోబెట్టుకుని మంత్రాలయం పోయినాము. కోడుమూరు దాటాక అమ్మ ఏదో చెప్పింది, నాకు వినపడలేదు. గుడి దాకా చెబుతూనే ఉందంట. దిగినాక తెలిసింది, నీళ్ల సీసా ఇంట్లోనే మర్చిపోయాం, యాడైనా ఆపమని ఆమె మొత్తుకునింది.

నాకు తెలిసినంతలో చప్పుళ్లు ఇవి. ఇంజిన్ పైనుంచి కుట్టుమిషన్ మాదిరి టకటక. పొద్దున స్టార్ట్ చేస్తే ఐదు నిమిషాలు ఫుస్ ఫుస్‌మని, తర్వాత తగ్గుతుంది. 55 దాటితే బండి మొత్తం గుమ్మ్‌మని మోగుతుంది, పాదాల కింద తెలుస్తుంది. గుంతలో పడితే వెనక గిన్నెలు దొర్లినట్టు. ఇక గాలి సరేసరి. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, మిస్సింగ్ (మధ్యమధ్యలో మంట తప్పడం) కూడా ఉంది.

లోపల డ్యాంపింగ్ షీట్లు (రేకు మోగకుండా అతికించేవి) వేయిద్దామని అనుకుంటున్నాను. ఏ కంపెనీవి మంచివి?

పద్మిని_ప్రియుడు | అనంతపురం | ఏప్రిల్ 6, రాత్రి 10:15

స్వాగతం అన్నా. నా ప్రీమియర్ పద్మిని కారులో అయితే ఇవన్నీ ఉన్నాయి, అదనంగా హారన్ కొడితే ఎడమ తలుపు మోగుతుంది. మీది ఇంకా నయం.

ఫోటో పెట్టకుండా పాత బండి గురించి రాయడం ఈ వేదికలో నేరం అని ఎవరైనా చెప్పండప్పా ఈయనకు.

డీజిల్_బాబాయ్ | ఆదోని | ఏప్రిల్ 7, ఉదయం 6:50

తమ్ముడూ, ఆ పాత ఇంజిన్‌తో తలనొప్పి ఎందుకు. 1990ల అంబాసిడర్లలో వచ్చిన ఐసుజు 1.8 పెట్రోలు ఇంజిన్, దాని ఐదు గేర్ల బాక్సుతో సహా ఎక్కించెయ్. ఏసీ కూడా పెట్టుకోవచ్చు. ట్యూనింగ్ అని నెలకోసారి స్పానర్ పట్టుకుని కూర్చునే వయసు కాదు నీది.

గ్రీజు_చేతులు | అనంతపురం | ఏప్రిల్ 7, ఉదయం 8:05

బాబాయ్, ఇంజిన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్సీలో ఎక్కించుకోవాలి. అది చేయించకుండా తిరిగేవాళ్లు నాకు చాలామంది తెలుసు, ఇన్సూరెన్స్ క్లెయిము దగ్గర ఇరుక్కున్నోళ్లూ తెలుసు. పైగా ఇంజిన్ మార్చినంత మాత్రాన ఆ 55 దగ్గర గుమ్మ్‌మనేది పోతుందని ఏముంది? అది ఇంజిన్‌దో కాదో ఇంకా ఎవరికీ తెలియదు.

తుంగభద్ర నాయనా, షీట్ల మాట ఇప్పుడొద్దు. షీటు చప్పుడును కప్పుతుంది. కప్పినాక ఏది యాడ మోగుతుందో మనకే తెలియదు. నలభై ఏళ్లు ఈ పనే చేసినవాణ్ని, ముందు నేను చెప్పినవి చూసి రా.

బండి నిలబెట్టి, గేరు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ మెల్లగా తొక్కు. అప్పుడు వచ్చే చప్పుళ్లు రాసుకో. తర్వాత ఖాళీగా ఉన్న సాపు రోడ్డు మీద 60కి తీసుకుపోయి న్యూట్రల్ చేసి వదిలెయ్, తాళం మాత్రం ఆపొద్దు. ఇంజిన్ స్లోకి వచ్చినా గుమ్మ్‌మనేది అట్లే ఉంటే అది ఇంజిన్ కాదు, సైలెన్సర్ కాదు. చక్రాలు, జాయింట్ రాడ్డు (ఇంజిన్ తిప్పుడును వెనక చక్రాల వైపు అందించే కడ్డీ), డిఫరెన్షియల్ (వెనక ఇరుసు మధ్య గేర్ల డబ్బా) వైపు పోవాలి. న్యూట్రల్‌లో పోయిందంటే ఇంజిన్ మౌంటింగులు, సైలెన్సర్ తగిలించిన రబ్బర్లు. ఇంకొకటి, స్లోలో క్లచ్ తొక్కి చూడు. తొక్కితే మూలుగు పోయిందా, గేర్‌బాక్సు ముందు బేరింగు. తొక్కితేనే వచ్చిందా, క్లచ్ కార్బన్ బేరింగు.

పైసా ఖర్చు లేదు దీనికి. చూసి రాయి.

తుంగభద్ర_ఒడ్డు | కర్నూలు | ఏప్రిల్ 9, రాత్రి 8:30

సార్, పొద్దున ఐదున్నరకే ఓర్వకల్లు వైపు 40వ నంబరు హైవే మీద చూసి వచ్చినా. న్యూట్రల్ చేసినా గుమ్మ్‌మనేది పోలేదు, వేగం 45కి దిగాకే పోయింది. టకటక నిలబెట్టినా ఉంది, వేగం పెంచితే పెరుగుతుంది. క్లచ్ తొక్కినా తొక్కకపోయినా తేడా లేదు. స్లోలో స్టీరింగ్, గేరు రాడ్డు రెండూ వణుకుతాయి.

ఫోన్‌లో చప్పుడు కొలిచే యాప్ పెట్టి చూసినా. అద్దాలన్నీ ఎక్కించి 60 మీద 83 డెసిబెల్స్ చూపించింది.

రెండో_గేరు | నంద్యాల | ఏప్రిల్ 9, రాత్రి 10:20

యాప్ అంకెలను అట్లాగే నమ్మకండి. ఒక్కో ఫోన్ మైకు ఒక్కోలా చూపిస్తుంది. కానీ అదే ఫోను, అదే సీటు, అదే రోడ్డు, అదే వేగం అయితే ముందుకూ తర్వాతకూ తేడా తెలియడానికి పనికొస్తుంది. పది తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు ఉంటుంది. రెండు మూడు తగ్గితే ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు.

మాది 74 మోడల్, నాన్నది. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నా, కాబట్టి టాపెట్ల గురించి నాకు చెప్పే హక్కుంది.

మీ ఇంజిన్ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ రూపొందించిన బీ సిరీస్. బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదట వచ్చినప్పుడు ఇదే 1489 సీసీ. అందుకే దీని సంగతులు ప్రపంచమంతా రాసి పెట్టారు. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు టాపెట్ గ్యాపు (వాల్వుకు, దాన్ని నొక్కే రాకర్ అనే మీటకు మధ్య సందు) 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్లు. సెట్ చేసేటప్పుడు తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి. ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే ఒకటోది సెట్ చేయాలి. ఆరు తెరిస్తే మూడు, నాలుగు తెరిస్తే ఐదు, ఏడు తెరిస్తే రెండు. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. ప్లగ్గులన్నీ విప్పేస్తే ఇంజిన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. గ్యాపు సరిగ్గానే పెట్టినా టకటక పోదు చాలా బండ్లలో. వాల్వు కొనను కొట్టే చోట రాకర్ అరిగి చిన్న గుంత పడుతుంది. ఫీలర్ గేజ్ పట్టీ (సందు కొలిచే పలచని ఇనుప పట్టీ) ఆ గుంత మీద వంతెనలా నిలుస్తుంది. మీకు 15 అనిపిస్తుంది, నిజంగా 20, 22 ఉంటుంది. ముందు అది చూడండి.

గ్రీజు_చేతులు | అనంతపురం | ఏప్రిల్ 10, ఉదయం 7:30

మేడమ్ చెప్పింది నూటికి నూరు. ఒక మాట కలుపుతా. చప్పుడు పోవాలని టాపెట్లు బిగించేసే మెకానిక్కులు ఉంటారు. బండి పట్టులా నడుస్తుంది, ఓనర్ సంతోషంగా పోతాడు. వేడెక్కితే వాల్వు పూర్తిగా మూసుకోదు, సీటు మీద కూర్చోకపోతే దాని వేడి బయటికి పోయే దారే లేదు, ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది. ఈ పాత హెడ్డుల్లో వాల్వు సీట్లకు ఆ సీసమే మెత్తలాగా పనిచేసేది. అది లేక సీటు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది, గ్యాపు దానంతటదే తగ్గుతుంది. అంటే చప్పుడు పెరగడం కాదు, రోజురోజుకీ తగ్గుతుంటే భయపడాలి.

ఏడు_రోడ్లు | కడప | ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:10

పొద్దున ఫుస్‌మని తర్వాత తగ్గేది మానిఫోల్డ్ (ఇంజిన్ హెడ్డుకు బిగించిన పైపుల కట్ట) దగ్గరో, సైలెన్సర్ పైపు కలిసేచోటో గ్యాసు లీకు. ఇనుము వేడికి వ్యాకోచించి సందు మూసుకుంటుంది, అందుకే ఆగుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, మందపాటి తడిగుడ్డ వెనక పైపుకు ఒక్క క్షణం అడ్డం పెట్టమనండి ఎవరినైనా, మీరు ముందు వినండి. యాడ బుస్సుమంటే అక్కడే. చుట్టూ నల్లగా మసి కూడా ఉంటుంది.

మా దగ్గర ఒకాయన ఆ లీకుకు పాత ఆస్‌బెస్టాస్ తాడు చుట్టమని సలహా ఇచ్చాడు. ఆ పని మాత్రం చేయొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ రాదు. పాత బ్రేకు లైనింగుల దుమ్ము కూడా గాలి కొట్టి ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి.

తుంగభద్ర_ఒడ్డు | కర్నూలు | ఏప్రిల్ 14, రాత్రి 9:05

మూడు రోజులు కష్టపడితే ఇంత.

లీకు దొరికింది, పైపు కలిసేచోట గ్యాస్కెట్ సగం లేనే లేదు. కొత్తది వేయించినా, పొద్దుటి ఫుస్ పూర్తిగా పోయింది. రాకర్లు చూస్తే మేడమ్ చెప్పినట్టే ఎనిమిదిలో ఐదింటికి గుంతలు. గోటితో రాస్తే తెలుస్తోంది. రాకర్ షాఫ్టు విప్పి లేత్ పనికి ఇస్తామని మా మెకానిక్ మామ అంటున్నాడు. రేపు విప్పుతాడు.

ఒక తప్పు కూడా చేశాను, ముందే ఒప్పుకుంటున్నా. రోడ్డు చప్పుడు తగ్గుతుందని ఊళ్లో ఒకచోట బండి కింద మొత్తం రబ్బరు కోటింగ్ కొట్టించినా. ఇప్పుడు 50కే గుమ్మ్ మొదలవుతోంది, ఇంకా ఎక్కువగా. దానికితోడు కాలిన వాసన.

రెండో_గేరు | నంద్యాల | ఏప్రిల్ 14, రాత్రి 9:20

ఆగండి ఆగండి. రేపు విప్పే ముందు ఇది మీ మామకు చదివి వినిపించండి. బీ సిరీస్‌లో రాకర్ పెడెస్టల్ (రాకర్ షాఫ్టును మోసే దిమ్మలు) బోల్టుల్లో నాలుగు హెడ్డు బిగించే బోల్టులే. ఆ నాలుగే విప్పితే హెడ్డు ఒకవైపు లేచి వంగుతుంది, నీళ్లు సిలిండర్లోకి దిగుతాయి. రేడియేటర్ నీళ్లు తీసేసి, హెడ్డు బోల్టులన్నీ మాన్యువల్లో ఇచ్చిన వరుసలో కొద్దికొద్దిగా వదులు చేసి, అప్పుడే రాకర్ తీయాలి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచి కావాలి. లేదంటే అద్దెకు తెచ్చుకోండి, అంతేగాని చేతి అంచనాతో వద్దు.

షాఫ్టు కింది వైపు కూడా అరిగి ఉంటుంది, చూడండి. గుంతలు మాత్రమే సాపు చేయించి అరిగిన షాఫ్టుకే ఎక్కిస్తే మూడు నెలలకు మళ్లీ ఈ చర్చలోకే వస్తారు.

గ్రీజు_చేతులు | అనంతపురం | ఏప్రిల్ 15, ఉదయం 6:40

నేను షీట్లు వద్దంటే నువ్వు కిందినుంచి వచ్చినావు నాయనా. సరే, అయిపోయింది.

కోటింగ్ కొట్టేవాడు జాయింట్ రాడ్డుకు కాగితం చుట్టినాడా? చుట్టి ఉండడు. ఆ రాడ్డు టాప్ గేర్లో ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతుందో అంతే వేగంగా తిరుగుతుంది. ఫ్యాక్టరీలో దాన్ని బ్యాలెన్స్ చేసి, చిన్న ఇనుప ముక్క ఒకటి రెండు అతికించి పంపుతారు. ఒక పక్క వంద గ్రాముల రబ్బరు అంటుకుందంటే చాలు, బండి అంతా డప్పు. కాలిన వాసన అంటావా, సైలెన్సర్ మీద కూడా కొట్టి ఉంటాడు.

బండి ర్యాంపు మీద ఎక్కించి రాడ్డు మీద రబ్బరు అంతా తీయించు. కిరసనాయిలు గుడ్డ, చెక్క ముక్క, అంతే. చాకుతో గీకి ఆ ఇనుప ముక్క ఊడగొట్టొద్దు. ఆ తీసేటప్పుడే రెండు చివర్లా క్రాసులు (రాడ్డును రెండు పక్కలా కలిపే, వంగే జాయింట్లు) చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడు. టక్కుమని ఆట ఉంటే, నీ మొదటి గుమ్మ్ అదే. విప్పే ముందు ఫ్లాంజి (రాడ్డు చివర బోల్టులు బిగించే బిళ్ల) మీద, డిఫరెన్షియల్ మీద ఒకే గీత సుద్దతో కాదు, పంచ్‌తో గుర్తు పెట్టుకో. ఎట్లా ఉన్నదాన్ని అట్లే బిగించాలి.

డీజిల్_బాబాయ్ | ఆదోని | ఏప్రిల్ 15, ఉదయం 9:00

ఐసుజు అయితే ఈపాటికి మంత్రాలయం పోయి తిరిగొచ్చేవాళ్లు.

పద్మిని_ప్రియుడు | అనంతపురం | ఏప్రిల్ 15, ఉదయం 9:12

బాబాయ్, ఐసుజుకు కూడా వెనక అదే రాడ్డే కదా!

తుంగభద్ర_ఒడ్డు | కర్నూలు | ఏప్రిల్ 22, రాత్రి 10:00

రాడ్డు మీద రబ్బరు తీస్తే రెండు గుప్పిళ్లు వచ్చింది, ఎక్కువంతా ఒకే వైపు. కొట్టినతను బండి ఒకే పక్కనుంచి కొట్టినట్టున్నాడు. వెనక క్రాసులో ఆట కంటికే కనిపించింది. రెండు క్రాసులూ మార్చి, గుర్తు పెట్టిన చోటే బిగించాం. ఈరోజు 70 దాకా పోయినా. గుమ్మ్ లేదు. నిజంగా లేదు సార్. నేను మెల్లగా పోతున్నానేమో అని రెండుసార్లు మీటరు చూసుకున్నా.

రాకర్ల పని కూడా అయింది. షాఫ్టు కొత్తది, రాకర్లు సాపు చేయించి బుష్‌లు వేయించినాము. హెడ్డు బోల్టుల సంగతి చదివి వినిపిస్తే మామకు కోపం వచ్చింది, "నాకు ఇంటర్నెట్టు నేర్పుతుందా" అన్నాడు. కానీ అన్నీ వదులు చేసే తీశాడు.

టకటక ఇప్పుడు చిన్నగా టిక్ టిక్. స్లోలో వణుకు, మిస్సింగ్ మాత్రం అట్లే ఉన్నాయి.

రెండో_గేరు | నంద్యాల | ఏప్రిల్ 23, రాత్రి 9:45

మామకు నా నమస్కారాలు చెప్పండి.

ఇప్పుడు వరుస ముఖ్యం. టాపెట్లు అయ్యాయి, ఇక పాయింట్లు (స్పార్కు కోసం కరెంటు కలిపి తెంచేవి), తర్వాత టైమింగ్ (స్పార్కు పడే సమయం), అన్నిటికంటే ఆఖర్న కార్బొరేటర్. మనవాళ్లు మిస్సింగ్ అంటే ముందు కార్బొరేటర్ స్క్రూ తిప్పుతారు, అక్కడే చెడుతుంది. పాయింట్లు కాలిపోయి ఉంటే కొత్తవి, వాటితో కండెన్సర్ కూడా. గ్యాపు 14 నుంచి 16 థౌ, ప్లగ్గులు 25. పాయింట్ గ్యాపు మార్చితే టైమింగ్ కూడా మారుతుంది, అందుకే ఈ వరుస. డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు పట్టుకుని పక్కకు ఊపి చూడండి, ఆడితే ఎంత సెట్ చేసినా నిలవదు.

ఎస్‌యూ గురించి. పైన నల్ల మూత విప్పి లోపల ఆయిలు ఉందో లేదో చూడండి, చాలా బండ్లలో ఎండిపోయి ఉంటుంది. అది లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలితే కింద టక్కుమని చప్పుడుతో పడాలి, మధ్యలో ఇరుక్కుంటే జెట్ (పెట్రోలు వచ్చే సన్న గొట్టం) మధ్యకు రాలేదని. కింద ఉన్న నట్టు పూర్తిగా పైకి బిగించి, అక్కడినుంచి పన్నెండు ముఖాలు, అంటే రెండు చుట్లు, కిందికి దించండి. అది మొదలుపెట్టడానికి. కిందికి దించితే పెట్రోలు ఎక్కువ, పైకి పోతే తక్కువ.

ఇంజిన్ బాగా వేడెక్కాక పక్కన ఉన్న చిన్న పిన్నుతో పిస్టన్‌ను గింజంత, ఒక మిల్లీమీటరు కూడా కాదు, ఎత్తండి. వేగం పెరిగి అట్లే ఉంటే పెట్రోలు ఎక్కువైంది. వేగం పడిపోతే తక్కువైంది. కొంచెం లేచి మళ్లీ సర్దుకుంటే సరిగ్గా ఉంది. ఇది వినడానికి ఎంత చిన్న పనో, మొదటిసారి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. నాన్నకు రెండు నిమిషాలు పట్టేది.

ఏడు_రోడ్లు | కడప | ఏప్రిల్ 24, ఉదయం 11:30

ఒక చిన్న సవరణ మేడమ్. పాత పుస్తకాల్లో సెట్టింగు ఎప్పుడో దొరికిన పెట్రోలుకు. ఇప్పుడు బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిపిందే దొరుకుతోంది. నేను నా మార్క్ 4లో గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు చూశా, పాత సెట్టింగుతో ఇంజిన్ టిక్కుటిక్కుమని దగ్గుతూ వేడెక్కింది. నట్టు ఇంకో ముఖం కిందికి దించాక సాఫీగా ఎక్కింది. పైన పాలకోవా తిని చల్లారబెట్టి వచ్చా అనుకోండి, అది వేరే సంగతి.

రెండో_గేరు | నంద్యాల | ఏప్రిల్ 24, రాత్రి 8:50

ఒప్పుకుంటా. ఉత్త పెట్రోలు పూర్తిగా కాలాలంటే దాని బరువుకు 14.7 రెట్లు గాలి కావాలి. ఇథనాల్‌కు తొమ్మిది రెట్లు చాలు. ఇరవై శాతం కలిస్తే లెక్క పదమూడున్నర దగ్గరికి వస్తుంది. పాత జెట్ సెట్టింగుకు అది పలచగా నడుస్తుంది. అట్లాంటప్పుడు మిస్సింగూ వస్తుంది, వేడీ పెరుగుతుంది.

ఇంకా ముఖ్యం, పాత రబ్బరు పైపులు. ఇథనాల్ వాటిని మెత్తబరచి పగలగొడుతుంది. పెట్రోలు పైపులన్నీ మార్చి, నెలల తరబడి బండి కదలకపోతే ట్యాంకులో పెట్రోలు నిలవ ఉంచకండి. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, ట్యాంకు అడుగున తుప్పు. మిస్సింగ్ కోసం ఇంజిన్ నడుస్తుండగా మానిఫోల్డ్ మీద పెట్రోలు చల్లి లీకు వెతికే మహానుభావులు ఉన్నారు, వాళ్ల దారిలో పోకండి. బండి కంటే ఇల్లు ముందు కాలుతుంది.

పద్మిని_ప్రియుడు | అనంతపురం | ఏప్రిల్ 26, సాయంత్రం 5:30

ఇక షీట్ల విషయానికి వద్దామా? నా అనుభవం వింటే డబ్బులు మిగులుతాయి. ఖర్చు తగ్గుతుందని ఇంటి పైకప్పుకు వేసే డాంబర్ షీటు కొని, నా పద్మిని పైకప్పు లోపల అతికించినా. డిసెంబరులో బ్రహ్మాండం. మే నెలలో గుత్తి దగ్గర మధ్యాహ్నం రెండు గంటలకు పైనుంచి చుక్కలు రాలడం మొదలైంది. ముందు సీట్లో మా మామ, తెల్ల పంచె. పెళ్లిచూపులకు పోతున్నాం. ఆ సంబంధం కుదరలేదు, కారణం అదేనని నేను అనను.

గ్రీజు_చేతులు | అనంతపురం | ఏప్రిల్ 27, ఉదయం 7:15

మన ఎండలకు పైకప్పు మీద చెయ్యి పెట్టలేం, డాంబర్ అక్కడ నిలవదు. బ్యుటైల్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) షీటు అయితేనే పైన వెయ్యి. అదీ రేకు మొత్తం అక్కర్లేదు. రేకు మధ్యలో, కొడితే డబ్బాలా మోగే చోట, మూడో వంతు వేస్తే రేకు మోగడం ఆగుతుంది. మిగతాదంతా డబ్బు, బరువు.

దానికంటే ముందు కన్నాలు చూడు. ఇంజినుకు, కాళ్లు పెట్టుకునే చోటుకు మధ్య రేకులో వైర్లు, స్టీరింగ్, పెడళ్లు వచ్చే చోట రబ్బర్లు ఊడిపోయి ఉంటాయి. రాత్రిపూట బానెట్ కింద లైటు పెట్టి లోపల కూర్చో, వెలుతురు కనిపించే ప్రతిచోటా చప్పుడు వస్తుంది. నూటికి ఒక వంతు సందు ఉన్నా మిగతా తొంభై తొమ్మిది వంతులకు వేసిన షీటు వృథా. తలుపులకు బీడింగ్ చూడాలంటే పది రూపాయల నోటు పెట్టి తలుపు వేసి లాగు. తేలిగ్గా వచ్చేస్తే అక్కడ గాలి ఈల వేస్తుంది. నీ కారుకు ముందు అద్దాల పక్కన చిన్న తిప్పుడు అద్దాలు ఉంటే వాటి రబ్బర్లే మొదటి దొంగలు.

ఇంజిన్ మౌంటింగులు ఆయిలు తాగి ఉబ్బి ఉంటాయి. అవి మార్చకుండా స్లో వణుకు పోదు. గుంతలో గిన్నెలు దొర్లడం సంగతి రాయలేదు, డిక్కీ విప్పి చూసినావా?

తుంగభద్ర_ఒడ్డు | కర్నూలు | మే 11, రాత్రి 9:30

గిన్నెల చప్పుడు: జాకీ. కట్టే పట్టీ తెగిపోయి డిక్కీలో దానికి ఇష్టమొచ్చినట్టు తిరుగుతోంది. కమాన్ కట్టల (వెనక స్ప్రింగు పట్టీల) బుష్‌లు కూడా పోయాయి, అవి మార్చినా. కానీ ముప్పావు వంతు జాకీనే. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

మౌంటింగులు మూడూ మార్చినా, స్లోలో స్టీరింగ్ ఇప్పుడు వణకదు. పాయింట్లు, కండెన్సర్, టైమింగ్ అయ్యాయి. కార్బొరేటర్‌కు నాకు రెండు ఆదివారాలు పట్టింది మేడమ్. ముందు పన్నెండు ముఖాలు, అక్కడినుంచి ఇంకో రెండు కిందికి. పిన్ను ఎత్తితే కొంచెం లేచి సర్దుకుంటోంది. ప్లగ్గులు లేత గోధుమ రంగు. మా మామ చూసి ఏమీ అనలేదు, అంటే బాగుందని.

రాత్రి లైటు పెట్టి చూస్తే క్లచ్ పెడల్ దగ్గర అరచెయ్యంత కన్నం. రబ్బరు షీటు కోసి బిగించి, కాళ్ల కింద ఫెల్టు పరిచినా. సీట్లు కుట్టే చోట దొరికే మందపాటి ఫెల్టు, తక్కువ ధరే. బ్యుటైల్ నాలుగు తలుపులకు, పైకప్పు మధ్యలో మాత్రమే.

అదే ఫోను, అదే ఓర్వకల్లు రోడ్డు, పొద్దున అదే టైము, 60 మీద 73.

నిన్న అమ్మతో మళ్లీ మంత్రాలయం. నీళ్ల సీసా ఉంది. ఈసారి ఎమ్మిగనూరు దాకా వెనకనుంచి "ఇంత మెల్లగా పోతే హారతి అయిపోతుంది" అని వినిపిస్తూనే ఉంది.

రెండో_గేరు | నంద్యాల | మే 11, రాత్రి 9:50

పది తగ్గింది! ఇక రెండో గేర్లో ఏమైనా మూలుగు ఉందా?

తుంగభద్ర_ఒడ్డు | కర్నూలు | మే 11, రాత్రి 9:55

ఉంది. మీ పేరు చూసి అడగలేదు ఇన్నాళ్లు. గేర్‌బాక్సు విప్పాలంటే దసరా తర్వాతే.

డీజిల్_బాబాయ్ | ఆదోని | మే 12, ఉదయం 7:10

గేర్‌బాక్సు ఎట్లాగూ విప్పుతావు కదా, ఐసుజుది ఐదు గేర్లది...

ఏడు_రోడ్లు | కడప | మే 12, ఉదయం 7:40

బాబాయ్! అన్నట్టు తుంగభద్ర అన్నా, 2028కి మీ బండికి యాభై ఏళ్లు. అప్పుడు వింటేజ్ (పురాతన వాహనం) కింద వీఏ అక్షరాలుండే నంబరుకు పోవచ్చు, మొదటి రిజిస్ట్రేషన్‌కు ఇరవై వేలు. కానీ ఆ నంబరు తీసుకుంటే రోజూ రోడ్డు మీద తిప్పడానికి లేదు. మంత్రాలయం ఆగిపోతుంది. ఆలోచించుకోండి.

కొత్తగా_చేరా | గుంతకల్లు | మే 12, సాయంత్రం 6:20

అన్నా, నా 1982 పద్మినిలో కూడా ఇదే గుమ్మ్, కానీ 40 దగ్గరే. న్యూట్రల్ చేస్తే పోతుంది. ఇది కూడా క్రాసేనా?

గ్రీజు_చేతులు | అనంతపురం | మే 12, రాత్రి 8:00

న్యూట్రల్ చేస్తే పోయిందంటే క్రాసు కాదు నాయనా. సైలెన్సర్ రబ్బర్లు, ఇంజిన్ మౌంటింగులు చూడు. ఇంకో చర్చ తెరువు, అక్కడ మాట్లాడదాం. కోటింగ్ మాత్రం కొట్టించొద్దు.